పిల్లల న్యూట్రిషన్ అసెస్‌మెంట్ ప్యాకేజీ: ఏది పనికొచ్చింది, ఏది దండగ

ముందే చెప్పేస్తున్నా, నా రేటింగ్ 5 కి 3.5. ఆ మూడున్నరలో మూడు అక్కడ పనిచేసే సీనియర్ డైటీషియన్ మేడం ఒక్కరికే, మిగతా అర వెయిటింగ్ హాల్లో ఏసీకి. క్లినిక్ పేరు మాత్రం అడక్కండి, రాయను. అయినా ఇప్పుడు కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ పిల్లల హాస్పిటల్లో చూసినా ఇలాంటి ప్యాకేజీ ఒకటి పెట్టేశారు, "మీ పిల్లలు సరిగ్గా తింటున్నారా, స్కోర్ తెలుసుకోండి" అని గోడ మీద పెద్ద పోస్టర్. కాబట్టి మీరు ఎక్కడికెళ్లినా పనికొచ్చేలా, వాళ్లు ఏమేం చేస్తారు, అందులో దేనికి డబ్బులు పెట్టొచ్చు, దేనికి పెట్టకూడదు అనేది రాస్తా.

మాకిద్దరు. పాపకి 14, తొమ్మిదో క్లాసు. బాబుకి 8, మూడో క్లాసు. పాప ఈ మధ్య స్కూల్ నుంచి రాగానే బ్యాగు విసిరేసి పడుకుంటోంది, మెట్లెక్కితే ఆయాసం అంటోంది. బాబు సంగతి వేరే, వాడు బాగానే గెంతుతాడు కానీ మా అత్తయ్యగారికి వాడు బక్కగా కనిపిస్తాడు, "పక్కింటి వాళ్ల మనవడు చూడు ఎలా ఉన్నాడో, వీడికి ఏదైనా పౌడర్ పట్టించవే" అని రోజూ ఒకటే గోల. సరే, ఎవరి మాటో ఎందుకు, లెక్క చూపించేవాళ్ల దగ్గరికే వెళ్దాం అని వెళ్లాం.

ప్యాకేజీలు మూడు రకాలు. 1,500 ది బేసిక్, అంటే ఎత్తు బరువు చూసి డైటీషియన్‌తో ఒక సిట్టింగ్. 3,200 ది మధ్యది, దానికి బాడీ కంపోజిషన్ మెషిన్, డైట్ చార్ట్, వాట్సాప్‌లో ఫాలోఅప్ కలుపుతారు. 7,500 ది "కంప్లీట్", అందులో ఫుడ్ ఇంటాలరెన్స్ టెస్ట్ అని ఒకటి ఉంది, దాని గురించి తర్వాత తిడతా. రక్త పరీక్షలు దేంట్లోనూ లేవు, అవి విడిగా కట్టాలి, ఈ సంగతి బిల్లు దగ్గరే చెప్తారు, ఫోన్లో చెప్పరు. మేం ఇద్దరికీ మధ్యది తీసుకున్నాం.

మొదట మెషిన్. చెప్పులు విప్పి దాని మీద నిలబడి రెండు హ్యాండిల్స్ పట్టుకుంటే నిమిషంలో రంగురంగుల ప్రింట్ వస్తుంది. అది తెచ్చిచ్చిన అసిస్టెంట్ అమ్మాయి మా బాబు కాగితం చూసి "మేడం, బాబు అండర్ వెయిట్ ఉన్నాడు" అంది. ఇంకేముంది, అత్తయ్యగారు కూడా వచ్చారు కదా, ఆవిడ మొహం వెలిగిపోయింది. వాడి బరువు 24 కేజీలు, ఎత్తు 126 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే నంబర్) 15.1. ఆ కాగితంలో 18.5 కింద ఉంటే అండర్ వెయిట్ అని పెద్దవాళ్ల లెక్క వేసేసింది మెషిన్. ఎనిమిదేళ్ల పిల్లలకి ఆ లెక్క వర్తించదు, ఆ వయసులో మామూలుగా పెరిగే పిల్లల బీఎంఐ పదిహేను, పదహారు దగ్గరే ఉంటుంది, 18.5 లెక్క పెడితే మూడో క్లాసులో సగానికి పైగా పిల్లలు అండర్ వెయిటే అవుతారు. పిల్లలకి బీఎంఐ ఒక్క నంబర్‌తో చూడరు, వయసు, ఆడా మగా చూసి గ్రోత్ చార్ట్ మీద పెట్టి చూడాలి. మన దగ్గర పిల్లల డాక్టర్లు వాడేది ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 లో ఇచ్చిన చార్టులు, 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకి. వాటిల్లో 23, 27 అని రెండు గీతలు ఉంటాయి, పెద్దయ్యాక 23 బీఎంఐ కి, 27 బీఎంఐ కి సమానమయ్యే గీతలు అన్నమాట, మొదటిది దాటితే ఓవర్ వెయిట్, రెండోది దాటితే ఒబేసిటీ. మన ఇండియన్ల ఒంటి తీరు వేరు కాబట్టి బయటి దేశాల్లో వాడే 25, 30 కాకుండా 23, 27 పెట్టారు.

సీనియర్ మేడం లోపలికి పిలిచాక ఆ ప్రింట్ చూసి, ఒక్క మాట మాట్లాడకుండా పెన్నుతో "అండర్ వెయిట్" అన్నది కొట్టేశారు. డ్రాయర్లోంచి చార్ట్ తీసి బాబు చుక్క పెట్టి "ఇదిగో అమ్మమ్మగారూ, మధ్య గీతకి కొంచెం కింద, ఎత్తు కూడా బాగానే ఉంది, వాడికేం ఢోకా లేదు" అన్నారు. అమ్మమ్మ కాదు నానమ్మని అని అత్తయ్యగారు సర్దారు, పౌడర్ సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు. మేడం ఇంకోటి కూడా చెప్పారు, ఒక్క చుక్కతో ఏమీ తేలదు, స్కూల్ డైరీలోనో వ్యాక్సిన్ కార్డులోనో పాత ఎత్తు బరువులు ఉంటే తెండి, గీత వెంబడి పోతున్నాడా గీత దాటి పడిపోతున్నాడా అనేదే అసలు సంగతి అని.

అదే మెషిన్ మా పాపకి ఇంకా ఘోరం చేసింది. 156 సెంటీమీటర్లు, 50 కేజీలు, చార్ట్ మీద 23 గీతకి కిందే ఉంది, ఏ బాధా లేదు. కానీ మెషిన్ "బాడీ ఫ్యాట్ ఎక్కువ" అని ఎర్ర రంగులో ప్రింట్ ఇచ్చింది, ఆ అసిస్టెంట్ అమ్మాయి పాప ముందే "కొంచెం తగ్గాలి నువ్వు" అనేసింది. పద్నాలుగేళ్ల ఆడపిల్లతో ఎవరన్నా అలా అంటారా అండి? ఆ వయసులో ఒంట్లో కొంచెం కొవ్వు చేరడం సహజం, పైగా ఆ మెషిన్ ఒంట్లోకి చిన్న కరెంటు పంపి నీటి శాతాన్ని బట్టి అంచనా వేస్తుంది అంతే, నీళ్లు తాగామా, తిని వచ్చామా, అప్పుడే ఆడుకుని వచ్చామా అనేదాన్ని బట్టి నంబర్ మారిపోతుంది. ఆ రాత్రి పాప అన్నం కొంచెమే పెట్టించుకుంది. దీనికి రిసెప్షన్‌లో నేను గట్టిగానే చెప్పాను, రాసి కూడా ఇచ్చాను. టీనేజ్ పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందే చెప్పండి, నంబర్లు ఏవైనా మాకు చెప్పండి, పిల్ల ముందు వద్దు అని. ఒకటిన్నర పాయింట్ నేను కోసింది ప్రధానంగా ఇక్కడే.

ఇప్పుడు మంచి సంగతి. సీనియర్ మేడం చేసిన ఇంటర్వ్యూ. నా లెక్కన 3,200 లో విలువ ఉన్నదంతా ఇదొక్కటే, ఇది 1,500 బేసిక్‌లో కూడా ఉంది, అది గమనించండి.

దీన్ని వాళ్లు 24 గంటల రీకాల్ అంటారు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఈ రోజు లేచేదాకా నోట్లోకి ఏం పోయిందో అంతా. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది, నేనైతే ఐదు నిమిషాల్లో అయిపోతుంది అనుకున్నా, పాప ఒక్కదానికే ముప్పావు గంట పట్టింది. ముందు మామూలుగా చెప్పమంటారు, మధ్యలో ఆపరు. తర్వాత మళ్లీ మొదటికి వచ్చి టైం ప్రకారం, ఎక్కడ తిన్నావు, ఎవరితో, ఏం చూస్తూ. ఆ తర్వాత మర్చిపోయేవి: నీళ్లు కాకుండా ఏమన్నా తాగావా, ఫ్రెండ్ దగ్గర ఏదన్నా కొరికావా, బస్సులో ఏమన్నా, చాక్లెట్, చూయింగ్ గమ్, పడుకునే ముందు ఫ్రిజ్ తెరిచావా. చివర్లో కొలతలు. బల్ల మీద చిన్నది మొదలుకుని పెద్దది దాకా స్టీలు కప్పులు వరసగా పెట్టారు, అన్నం ఏ కప్పుతో, పప్పు ఏ కప్పుతో అని వేలు పెట్టి చూపించమంటారు. ఇలా కప్పులతో కొలవడం తార్నాక ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు ఊళ్లలో ఇంటింటి సర్వేలు చేసేటప్పుడు వాడే పద్ధతి, వాళ్ల సెట్‌లో 12 కప్పులుంటాయి. "ఒక కప్పు" అంటే ఎవరింట్లో కప్పు వాళ్లది కదా, అందుకని.

మా బాబు వంతు వచ్చినప్పుడు ప్రశ్న వాడిని అడిగితే జవాబు నేను, అత్తయ్యగారు కలిసి చెప్పేస్తున్నాం. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి అంత గుర్తుండదు, పెద్దవాళ్లు సాయం చెయ్యాలి, అది మేడం కూడా ఒప్పుకుంటారు. కానీ "వాడు స్కూల్లో ఏం తిన్నాడో మీరు చూశారా అమ్మా?" అని అడిగేసరికి ఇద్దరం గప్‌చుప్. వాడు తాపీగా చెప్పాడు, బాక్సులో పెట్టిన క్యారెట్ అన్నంలో క్యారెట్ ఏరి మూతలో పెట్టి, మూత కిందకి వంచితే ఆయమ్మకి కనపడదని. మేడం నవ్వలేదు, రాసుకున్నారు. "కూరగాయలు: పెట్టినవి ఉన్నాయి, తిన్నవి లేవు" అని.

పాప దగ్గరకొచ్చేసరికి మేడం నన్ను బయట కూర్చోమన్నారు. నాకు కొంచెం చివుక్కుమంది, నిజం, కానీ అది కరెక్టు పద్ధతి. టీనేజ్ పిల్లలు అమ్మ ముందు నిజం చెప్పరు, ఒంటరిగా అడిగినా తగ్గించే చెప్తారట. తర్వాత పాప పర్మిషన్ అడిగి, దానికి ఇష్టమైనంత వరకే నాకు చెప్పారు. పొద్దున బస్సు తొందర్లో టిఫిన్ సగం. లంచ్ బాక్సు వారంలో సగం రోజులు ఫ్రెండ్‌కి ఇచ్చేసి క్యాంటీన్‌లో పఫ్ లేదా సమోసా. సాయంత్రం ట్యూషన్ దగ్గర బండి మీద పునుగులు, లేకపోతే చిప్స్ ప్యాకెట్, కూల్ డ్రింక్. ఇంటికొచ్చాక టీ, బిస్కెట్లు. రాత్రి పప్పుచారు అన్నం, ఆవకాయ, పెరుగు. ఆకలి లేదమ్మా అని రోజూ రాత్రి అంటుందే, ఆ మాట వెనకాల ఇంత కథ ఉంది.

ఒక్క రోజుతో తేల్చరు. ఇంకో మామూలు రోజు, ఒక ఆదివారం కూడా ఫోన్లో అడిగారు. ఆదివారం మా ఇంట్లో బిర్యానీ, కాబట్టి ఆ రోజు ప్రోటీన్ లెక్క ఆకాశంలో ఉంటుంది, ఆ ఒక్క రోజు చూస్తే మేం ఆదర్శ కుటుంబం. దాంతో పాటు వారంలో గుడ్డు ఎన్నిసార్లు, ఆకుకూర ఎన్నిసార్లు, పండు ఎన్నిసార్లు, వేపుడు, ప్యాకెట్ ఫుడ్ ఎన్నిసార్లు అని ఇంకో పేపర్ నింపించారు.

లెక్క ఎలా వేస్తారని అడిగితే మేడం ఓపిగ్గా చూపించారు. ఎన్‌ఐఎన్ వాళ్ల 2017 ఆహార పట్టికలు ఉన్నాయి, 528 రకాల మన దేశపు తిండి పదార్థాలు, తోటకూర దగ్గర్నుంచి చేపల దాకా, దేంట్లో ఏముందో. దాని ప్రకారం తిన్నదంతా కూడి, ఆ వయసుకి ఎంత కావాలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020 లో ఇచ్చిన లెక్కలతో పోలుస్తారు. 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకి రోజుకి ప్రోటీన్ 43 గ్రాములు, ఐరన్ 30 మిల్లీగ్రాములు, కాల్షియం 1,000 మిల్లీగ్రాములు. అదే వయసు మగపిల్లాడికి ఐరన్ 22 చాలు, ఆడపిల్లలకి నెలసరి వల్ల ఎక్కువ కావాలి. మా పాప మామూలు రోజుల్లో ప్రోటీన్ 30 దాటలేదు, ఐరన్ సగం కూడా లేదు, కాల్షియం పెరుగు పుణ్యమా అని ఏదో కొంత. కేలరీలు మాత్రం దాదాపు సరిపోయాయి! ఇదే ఇంట్లో మనకి కనపడని విషయం. పిల్ల పస్తులేం లేదు, కడుపు నిండుతోంది, కానీ నిండేదంతా మైదా, బియ్యం, నూనె, చక్కెర.

పప్పుచారు గురించి ఒక మాట, ఎందుకంటే నేను దీని మీద వాదించా. మేం రోజూ పప్పు తింటాం మేడం అన్నా. కప్పు చూపించమన్నారు. చూపించా. "ఇందులో పప్పు ఎంత, నీళ్లెంత?" నలుగురికి కలిపి నేను వేసేది చిన్న గ్లాసుడు కందిపప్పు, అంటే మనిషికి పాతిక గ్రాములు, అందులో ప్రోటీన్ ఐదారు గ్రాములు, అంటే ఒక గుడ్డుకి సమానం. ముద్దపప్పు అయితే ఇంకా ఎక్కువ పడుతుంది, చారు అనేసరికి పలచనైపోతుంది. ఐసీఎంఆర్ 2024 లో కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చింది, 17 సూత్రాలు ఉంటాయి, అందులో రోజుకి 2,000 కేలరీల ప్లేట్ ఒకటి వేసి చూపించారు: కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100, బియ్యం గోధుమ రాగి లాంటివి 250, పప్పులు గుడ్లు మాంసం కలిపి 85, గింజలు 35, నూనె 27, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. మన దేశంలో తిండిలో 50 నుంచి 70 శాతం కేలరీలు ధాన్యాల నుంచే వస్తున్నాయని, దాన్ని 45 శాతానికి దించమని కూడా అందులోనే ఉంది. మన తెలుగిళ్లలో అన్నం కొండంత, కూర గోరంత కదా, చూస్తే మనల్ని చూసే రాసినట్టుంటుంది.

నూనె లెక్క మాత్రం మీరు ఇప్పుడే ఇంట్లో వేసుకోవచ్చు, దీనికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. నెలకి ఎన్ని లీటర్లు కొంటున్నారు? మాది 5 లీటర్ల క్యాన్. లీటరు అంటే దాదాపు 910 గ్రాములు, 5 లీటర్లకి 4,550, దాన్ని 30 రోజులకి, నలుగురికి భాగిస్తే తలకి 38 గ్రాములు. ఉండాల్సింది 27. ఇందులో బయట తిన్న పునుగుల నూనె, కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన కూర నూనె కలపనేలేదు. మావారికి ఈ లెక్క చెప్తే ముందు అన్న మాట "అయితే ఆవకాయలో నూనె కూడా కలిపావా?" కలపలేదు, అది నువ్వుల నూనె, విడిగా కొంటాం. కాబట్టి ఇంకా ఎక్కువే.

రక్త పరీక్ష పాపకి మాత్రం చేయించమన్నారు. బాబుకి అక్కర్లేదు, ఊరికే గుచ్చొద్దు అన్నారు, ఇది నాకు చాలా నచ్చింది, ఎందుకంటే రిసెప్షన్‌లో ఇద్దరికీ రాసిచ్చేశారు అప్పటికే. పాపకి హిమోగ్లోబిన్ 11.2 వచ్చింది, ఆ వయసుకి 12 ఉండాలి. అంటే కొద్దిపాటి రక్తహీనత, ఆయాసానికి, నీరసానికి కారణం దొరికింది. ఇది మా పాప ఒక్కదాని గొడవ కాదు, 2016-18 లో దేశమంతా చేసిన పిల్లల పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 40 శాతం మందికి, మగపిల్లల్లో 18 శాతం మందికి రక్తహీనత తేలింది. అక్కడే ఉన్న పిల్లల డాక్టర్ గారు చూసి ఐరన్ టాబ్లెట్లు, నులిపురుగుల మాత్ర రాశారు. టాబ్లెట్ వేసుకున్న దగ్గర్లో టీ, పాలు వద్దు, నిమ్మరసంతో అయితే ఇంకా మంచిది అని. ఆ సాయంత్రం టీ ఒకటి మానిపించడం మాకు పెద్ద యుద్ధం అయింది, ఇంకా నడుస్తోంది.

ఇక్కడో సైడు మాట. మా చెల్లెలు వాళ్లది ఒంగోలు దగ్గర ఊరు, వాళ్ల పాప గవర్నమెంట్ స్కూల్లో ఏడో క్లాసు. అక్కడ మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు, రాగి జావ, చిక్కీ మార్చి మార్చి పెడతారు, వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర వేయిస్తారు. అప్పర్ ప్రైమరీ పిల్లల మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ ఉండాలనేది రూలు. లక్షలు ఫీజు కట్టే మా పాప ఆ టైంలో పఫ్ తింటోంది. ఫోన్లో చెల్లెలికి చెప్తే "మా దానికి గుడ్డు బోరు కొడుతోందట అక్కా" అంది, సరే, పిల్లలెక్కడైనా పిల్లలే.

స్కూల్ సంగతికొస్తే, సీబీఎస్‌ఈ వాళ్లు 2025 మేలో స్కూళ్లలో షుగర్ బోర్డులు పెట్టమన్నారు, ఏ డ్రింకులో ఎంత చక్కెరో చూపిస్తూ. మా పాప వాళ్ల స్కూల్లో పెట్టారు కూడా, కారిడార్లో రంగు కాగితాలతో బ్రహ్మాండంగా. క్యాంటీన్‌లో పఫ్ అలాగే ఉంది. 2020 ఫుడ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి స్కూల్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదు. ఎవరైనా టేపు పట్టుకుని కొలిస్తే చూడాలని ఉంది నాకు.

ఇక తిట్టాల్సినవి.

ఫుడ్ ఇంటాలరెన్స్ టెస్ట్. 7,500 ప్యాకేజీలో ఉండేది ఇదే, మనం తినే వందల పదార్థాలకి రక్తంలో ఐజీజీ అనే రకం యాంటీబాడీలు (ఒంట్లో తయారయ్యే రక్షణ ప్రోటీన్లు) చూసి ఏది పడదో చెప్తామంటారు. మనం మామూలుగా తినే దేనికైనా ఆ యాంటీబాడీలు ఉంటాయి, అది తిన్నామనడానికి గుర్తు, పడదనడానికి కాదు. అమెరికా, కెనడా అలర్జీ డాక్టర్ల సంఘాలు దీన్ని వాడొద్దని ఎప్పుడో చెప్పాయి. మాతో పాటు వెయిటింగ్‌లో ఉన్న ఒకావిడకి వాళ్ల బాబు రిపోర్టులో పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ అన్నీ ఎర్రగా వచ్చాయట, అసలే తినని పిల్లాడు, ఇక ఏం పెట్టాలండి అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఉన్న నాలుగు మంచి వస్తువులూ మాన్పించేసే టెస్టుకి డబ్బులు కట్టడమేంటో. తినగానే దద్దుర్లు, వాంతులు, ఊపిరి ఆడకపోవడం లాంటివి ఉంటే అది అలర్జీ, దానికి వేరే పరీక్షలు, వేరే డాక్టరు.

పౌడర్. బయటికొచ్చే దారిలో ఫార్మసీ కౌంటర్, అక్కడ అమ్మాయి చేతికి చాక్లెట్ ఫ్లేవర్ డబ్బా ఇచ్చేస్తుంది, 950 రూపాయలు, "డైటీషియన్ మేడం రాశారు" అని. ప్రిస్క్రిప్షన్ తీసి చూస్తే మేడం రాయనే లేదు. డబ్బా వెనక లేబుల్ చూశా, 100 గ్రాముల్లో చక్కెర 30 గ్రాములకి పైనే. రోజు మొత్తానికి ఐసీఎంఆర్ చెప్పే హద్దు 25 గ్రాములు. 2024 ఏప్రిల్లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకి ఇలాంటి డ్రింకుల్ని "హెల్త్ డ్రింక్" అనే హెడ్డింగ్ కింద పెట్టొద్దని చెప్పింది, ఎందుకంటే మన ఫుడ్ సేఫ్టీ చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అనేదానికి నిర్వచనమే లేదు. తిరిగిచ్చేశా. లేబుల్ చూసేటప్పుడు ఇంకో చిట్కా మేడం చెప్పింది, సోడియం అని ఉన్నదాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. 1,000 మిల్లీగ్రాముల సోడియం అంటే 2.5 గ్రాముల ఉప్పు, రోజుకి ఉండాల్సిన 5 లో సగం. నూడుల్స్, చిప్స్ ప్యాకెట్ల మీద ఇది వేసి చూడండి, "20 గ్రాముల సర్వింగ్‌కి" అని చిన్న నంబర్ చూపిస్తారు, ప్యాకెట్ మొత్తం ఎన్ని గ్రాములో కూడా చూడండి, పిల్లలెవరూ సగం తిని క్లిప్పు పెట్టి దాచరు.

డైట్ చార్ట్. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొద్దున ఓట్స్ విత్ చియా, మధ్యాహ్నం రెండు రోటీ సబ్జీ, సాయంత్రం మఖానా, రాత్రి క్వినోవా సలాడ్ విత్ అవకాడో. ఎవరింటి పిల్లలకండి ఇది? రెండో పేజీలో మా పాప పేరు బదులు వేరే పిల్ల పేరు ఉంది, అంటే కాపీ పేస్ట్. నేను మేడంకే డైరెక్ట్‌గా మెసేజ్ పెడితే ఆవిడ సారీ చెప్పి తనే కాగితం మీద రాసి ఫోటో పంపారు. అది చూడండి ఎంత తేడానో: దోసెలు మానక్కర్లేదు, పిండిలో మినప్పప్పు పెంచండి, వారంలో రెండు రోజులు పెసరట్టు. బస్సు తొందర ఉంటే ఉడికించిన గుడ్డు, అరటిపండు చేతిలో పెట్టండి. పప్పులో తోటకూర, పాలకూర, గోంగూర ఏదో ఒకటి రోజు మార్చి రోజు, దించాక నిమ్మకాయ పిండండి. సాయంత్రం వేరుశనగ గుళ్లు ఉడకబెట్టినవి లేదా సెనగల గుగ్గిళ్లు, ఆకలితో ట్యూషన్‌కి పంపొద్దు, ఆకలితో వెళ్తే పునుగులు తప్పవు. రాగి సంకటి ఆదివారం, నాటుకోడి పులుసుతో అయితే పిల్లలు ఎగబడి తింటారు. బాబుకి క్యారెట్ ముక్కలు వద్దు, కోరి పెరుగు పచ్చడిలో కలిపెయ్యండి, ఏరడానికి వీలుండదు. లంచ్ బాక్సులో ఏం కావాలో వారానికి రెండు రోజులు పాపనే డిసైడ్ చెయ్యనివ్వండి. పునుగులు పూర్తిగా మాన్పించొద్దు, వారానికోసారి, ఇంట్లో అందరితో కలిసి.

ఈ ఒక్క కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఆ పీడీఎఫ్ డిలీట్ చేశా.

ఫాలోఅప్ గురించి ఎక్కువ రాయడానికి లేదు, అసిస్టెంట్లు "హౌ ఈజ్ ద డైట్ మేడం" అని ఆటోమేటిక్ మెసేజ్ పెడతారు, మనం ఏదైనా అడిగితే మర్నాడు థమ్స్ అప్ బొమ్మ వస్తుంది. పాప హిమోగ్లోబిన్ మళ్లీ చూపించాలి, అది బయట ల్యాబ్‌లో చేయించుకుని రిపోర్టు పంపినా చాలని డాక్టర్ గారు చెప్పారు.

మరి వెళ్లాలా వద్దా అంటే, పిల్లలు హుషారుగా ఉండి, గీత వెంబడి పెరుగుతూ ఉంటే ఇంత ఖర్చు అక్కర్లేదు. ఐసీఎంఆర్-ఎన్‌ఐఎన్ 2024 గైడ్‌లైన్స్ పుస్తకం నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, అకాడమీ గ్రోత్ చార్టులూ దొరుకుతాయి, వారం రోజులు పిల్లలు తిన్నది, పెట్టింది కాదు తిన్నది, నోట్‌బుక్‌లో రాయండి, తిట్టకుండా అడిగితేనే నిజం చెప్తారు. నీరసం, ఆయాసం, బరువు సడన్‌గా తగ్గడం పెరగడం, ఎత్తు ఆగిపోవడం, తినడానికి భయపడటం, దాక్కుని తినడం లాంటివి ఉంటే మాత్రం వెళ్లండి, ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి, తర్వాత డైటీషియన్ దగ్గరికి. గవర్నమెంట్ స్కూలు, అంగన్‌వాడీ పిల్లలకి అయితే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం) టీములు వచ్చి ఉచితంగానే చూస్తారు, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా.

వెళ్తే 1,500 బేసిక్ తీసుకోండి చాలు. బుక్ చేసేటప్పుడే సీనియర్ డైటీషియన్ కావాలని అడగండి, లేకపోతే కొత్తగా చేరిన పిల్లల దగ్గర కూర్చోబెట్టేస్తారు. శనివారం వెళ్లొద్దు, రద్దీకి ఆ ముప్పావు గంట కాస్తా పది నిమిషాలైపోతుంది. రక్త పరీక్షలు ఎందుకో అడిగి, అవసరమైనవే రాయించుకోండి. ఫార్మసీ కౌంటర్‌లో ప్రిస్క్రిప్షన్‌తో సరిచూసుకుని బిల్లు కట్టండి. పార్కింగ్ లేదు, ఎదురుగా మెట్రో స్టేషన్ కింద పెట్టుకోవాలి, గంటకి 20.